సరదా మొదలవగానే ఇంటికి

"మనం ఎప్పుడూ ఫన్ స్టార్ట్ అవ్వగానే వెళ్ళిపోతాం," అంది మా పెద్దది. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి పార్కింగ్ వైపు తిరిగొచ్చే ఫెర్రీలో ఉన్నాం, పదకొండు దాటి కాసేపైంది అంతే. ఎదురొచ్చిన ఫెర్రీ జనంతో కిటకిటలాడుతోంది, మా దాంట్లో మాత్రం మేమూ, మాలాగే స్ట్రోలర్ తోసుకుంటూ వచ్చిన ఇంకో కుటుంబమూ. ఏడుస్తూ అంటేనో అలిగి అంటేనో సర్దిచెప్పడం నాకు వచ్చు. ఈ ఆరేళ్ళ పిల్ల రెయిలింగ్ పట్టుకుని నిలబడి, ఉన్న మాట ఉన్నట్టు చెప్పేసి ఊరుకుంది. "తమ్ముడు నిద్రపోవాలి కదమ్మా," అన్నాను. "నాకు నిద్ర రావట్లేదుగా," అంది. అప్పటికే చిన్నోడికి కళ్ళు మూతలు పడుతున్నాయి, వాడు అక్కడే నిద్రపోకుండా చూడటమే నా పని అయిపోయింది కాబట్టి ఆ మాటకి జవాబు వెతికే తీరిక కూడా లేకపోయింది. ఇప్పుడు రాత్రి పది, ఇద్దరూ పడుకున్నారు, జవాబు ఇంకా దొరకలేదు.

వాడి నిద్ర పన్నెండున్నరకి. మా ఇంట్లో డిన్నర్ టైం మారుతుంది, ఆఫీసు మీటింగులు మారతాయి, ఆ పన్నెండున్నర మాత్రం మారదు. పార్కుకి వెళ్ళే రోజు ప్లాన్ అంతా అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ పోవడమే. పన్నెండున్నరకి వాడు మంచం మీద ఉండాలంటే పన్నెండుంబావుకి ఇంట్లో ఉండాలి, అంటే పదకొండున్నరకి కారు కదలాలి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కారు పార్కు ముందు ఆగదు. సరస్సుకి ఇవతల ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ దగ్గర ఆపి, అక్కడి నుంచి మోనోరైలో ఫెర్రీయో ఎక్కి వెళ్ళాలి, వచ్చేటప్పుడూ అంతే. పార్కింగ్‌లో తిరిగే ట్రామ్ ఎక్కాలంటే స్ట్రోలర్ మడవాలి, మోనోరైలుకీ ఫెర్రీకీ మడవక్కర్లేదు. స్ట్రోలర్ మడవడమంటే వాడిని దింపడం, దింపితే వాడు ఎటు పరిగెడతాడో తెలియదు, కాబట్టి నేను ట్రామ్ వదిలేసి ఎండలో పార్కింగ్ అంతా నడిచే రకం. ఇవన్నీ కలుపుకుంటే పదిన్నర, మహా అయితే పదిముప్పావుకి గేటు దాటి బయటపడాలి. పార్కు తెరిచేదేమో మామూలుగా తొమ్మిదికి. అంటే మాకు మిగిలేది గంటన్నర, కలిసొస్తే గంటా ముప్పావు.

ఈ లెక్కంతా ఒకసారి ఫోన్లో మా మామయ్యగారికి వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అయితే వెళ్ళేది తిరిగి రావడానికా అమ్మా?" అన్నారు. వెక్కిరింపు కాదు, నిజంగానే అర్థంకాక అడిగారు.

ఆ గంటన్నరని సరిగ్గా వాడుకుంటే చాలా చూడొచ్చు, అది నిజం, కొత్తగా చిన్నపిల్లలతో వెళ్ళే స్నేహితులు అడిగితే నేను గడగడా చెప్పేస్తాను. డిస్నీ హోటళ్ళలో దిగినవాళ్ళని అరగంట ముందే లోపలికి వదులుతారు. వాళ్ళు ఆ అరగంటలో పార్కులోని ఫాంటసీల్యాండ్, టుమారోల్యాండ్ అనే భాగాల వైపు చేరిపోతారు, మనం తొమ్మిదికి వెళ్ళి అదే వైపు పరిగెడితే లైను వెనక నిలబడటమే. అందుకని మేం ముందు రెండో పక్కనున్న అడ్వెంచర్‌ల్యాండ్‌కి పోతాం. జంగిల్ క్రూజ్, పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్, ఈ రెండు పడవ రైడ్లకీ ఎత్తు నిబంధన లేదు, చిన్నోడిని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. వాడికి ఇంకా 3 ఏళ్ళు నిండలేదు కాబట్టి టికెట్ కూడా అక్కర్లేదు. పెద్దదానికి మైన్ ట్రైన్ అనే రోలర్ కోస్టర్ అంటే ప్రాణం, దానికి 38 అంగుళాల ఎత్తుండాలి, స్పేస్ మౌంటెన్‌కి 44. ఏడేళ్ళలోపు పిల్లలు ఒంటరిగా ఎక్కకూడదు, పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళు ఎవరైనా తోడుండాలి. ఇక్కడే రైడర్ స్విచ్ పనికొస్తుంది. చిన్నవాడితో ఒకరు బయట ఉంటే రెండోవాళ్ళు పెద్దదాన్ని తీసుకెళ్తారు, వాళ్ళు వచ్చాక బయట ఉన్నవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి క్యూ కట్టకుండా వెళ్ళొచ్చు, పెద్దది మళ్ళీ వాళ్ళతో కూడా ఎక్కేస్తుంది. అమ్మతో ఒకసారి, నాన్నతో ఒకసారి. దానికి తమ్ముడి వల్ల కలిగిన ఒకే ఒక్క లాభం అదేనని అదే చెప్పింది.

మెయిన్ స్ట్రీట్ చివర క్రిస్టల్ ప్యాలెస్ పక్కన బేబీ కేర్ సెంటర్ ఉంటుంది, అది చాలామందికి తెలియదు. రెండున్నరేళ్ళవాడు పడుకోవడానికి కాదు గానీ డైపర్ మార్చడానికీ, పిల్లాడిని కాసేపు చల్లగా, నిశ్శబ్దంగా కూర్చోబెట్టడానికీ అంతకన్నా మంచి చోటు లేదు. స్ట్రోలర్ 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటకూడదు, వ్యాగన్లు 2019 నుంచి అసలే రానివ్వరు. ఇద్దరు పిల్లలకీ కలిపి వ్యాగన్ కొనుక్కుందాం అనుకునేవాళ్ళకి ఈ సంగతి ముందే చెప్పాలి. మాలాగా ఏడాది పాస్ ఉన్నా ఉదయం పూట వెళ్ళాలంటే చాలా రోజులకి ముందే రిజర్వేషన్ చేసుకోవాలి, అందుకని "ఇవాళ పొద్దున్నే లేచాడుగా, పోదాం పద" అనే వీలు కూడా తక్కువ. ఇలా ఎంతసేపైనా చెప్పగలను. ఎవరైనా బుద్ధిగా వింటుంటే నాకు ఆ పార్కు మేనేజర్‌నేమో అనిపిస్తుంది కూడా.

అసలు టెన్షన్ పార్కులో కాదు, తిరిగొచ్చే కారులో. డ్రైవ్ నలభై నిమిషాలే, కానీ పొద్దున్న ఆరున్నర నుంచి లేచి ఉన్న పిల్లాడిని సీటులో బిగించి, ఏసీ వేసి, కారు కదిలించాక మెలకువగా ఉంచడమంటే మాటలు కాదు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో నిద్ర ఒత్తిడి పేరుకుంటూ పోతుంది, పది నిమిషాలు కునుకు తీస్తే అందులో కొంత తీరిపోతుంది. ఇంటికొచ్చి మంచం మీద వేసేసరికి కళ్ళు పెద్దవి చేసి చూస్తాడు, ఇక మధ్యాహ్నం నిద్ర లేదు, సాయంత్రం ఐదింటికి సోఫా కింద దూరి ఏడుపు. కాబట్టి కారులో కిటికీ దించుతాను, పాటలు పెడతాను, పాటలు పనిచేయకపోతే నేనే పాడతాను. ఇవన్నీ కుదరకపోతే పెద్దదాన్ని కాపలా పెడతాను. "తమ్ముడు కళ్ళు మూస్తున్నాడేమో చూడు, బొమ్మ చూపించు, కబుర్లు చెప్పు." పాపం అది చెబుతుంది. నిద్ర రాని పిల్లని ఆట మధ్యలోంచి లాక్కొచ్చి, నిద్రొచ్చే పిల్లాడికి నిద్ర రాకుండా చూసే డ్యూటీ వేశాను నేను. ఇది రాస్తుంటే గానీ ఈ మాట ఇంత అన్యాయంగా వినపడుతుందని తెలియలేదు.

ఇదంతా నా సొంత పైత్యం కాదని నిరూపించుకోవడానికి నా దగ్గర కాగితాలున్నాయి. 1 నుంచి 2 ఏళ్ళ పిల్లలకి 24 గంటల్లో 11 నుంచి 14 గంటలు, 3 నుంచి 5 ఏళ్ళ వాళ్ళకి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. పగటి నిద్ర కూడా ఆ లెక్కలోదే. మా వాడు రాత్రి పది గంటలు పడుకుంటాడు, మిగతాది మధ్యాహ్నం రావాలి, అందుకే ఈ తిప్పలని ఒకరోజు మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన శ్రద్ధగా విని, "ఇందులో పన్నెండున్నర ఎక్కడుంది?" అన్నాడు. లేదు. పిల్లాడి గదిలోనే, కర్టెన్లు మూసే పడుకోవాలని కూడా లేదు. అవి రెండూ నేను చేర్చినవి.

స్ట్రోలర్‌లోనే పడుకోబెట్టి చూద్దామని ఆయన చాన్నాళ్ళు పోరాడితే సరేనన్నాను. క్లిప్ ఫ్యాన్ పెట్టాను, పైన పందిరి లాగాను. దుప్పటి కప్పుతానంటే వద్దన్నాను, మందపాటి గుడ్డ కప్పితే లోపల గాలి ఆడదు, ఇక్కడి ఎండకి లోపల వేడెక్కిపోతుంది, ఆ విషయంలో నాకు ఇప్పటికీ రెండో ఆలోచన లేదు. నీడలో అటూ ఇటూ తోస్తే పడుకున్నాడు. సరిగ్గా గాఢ నిద్రలోకి జారేవేళకి పరేడ్ మొదలైంది, ఆ స్పీకర్ల హోరుకి ఉలిక్కిపడి లేచాడు. అరగంట నిద్ర కూడా అవలేదు. ఆ తర్వాత ఎలాగో చల్లగా ఉంటుందని కరోసెల్ ఆఫ్ ప్రోగ్రెస్‌కి తీసుకెళ్ళాం. 1964లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ కోసం చేసి, 1975లో ఇక్కడికి తెచ్చిన షో అది, కూర్చున్న సీట్లతో సహా హాలే తిరుగుతుంది, ఇరవై నిమిషాల చీకటి, ఏసీ. చిన్నోడు తప్ప అందరూ కునుకు తీశారు. సాయంత్రం ఇంటికొచ్చాక వాడు చేసిన గోల ఇరుగుపొరుగుకీ వినపడే ఉంటుంది. వాడు అంతలా ఏడుస్తుంటే నాకు జాలి వేసింది, దాంతోపాటు కొంచెం తృప్తి కూడా కలిగింది. "చూశావా?" అన్నాను మా ఆయనతో. ఏడ్చే పిల్లాడిని ఎత్తుకుని నేను గెలిచానన్నట్టు నిలబడ్డాను. తల్లి మనసు గురించి గొప్పగా మాట్లాడేవాళ్ళు ఆ క్షణంలో నా మొహం చూడలేదు కాబట్టి సరిపోయింది.

తర్వాత అత్తయ్యగారూ మామయ్యగారూ వచ్చారు. వాళ్ళని పార్కుకి తీసుకెళ్ళినప్పుడు పదిన్నరకి వెనక్కి తెచ్చేస్తే ఏం బావుంటుందని ఆ రోజుకి సడలించాను, సడలించానని అందరికీ నాలుగుసార్లు చెప్పాను కూడా. పన్నెండున్నర దాటేసరికి చిన్నోడు నస మొదలుపెట్టాడు. నేను స్ట్రోలర్ సర్దుతుంటే మామయ్యగారు వాడిని భుజాన వేసుకున్నారు. ఊపలేదు, జోకొట్టలేదు, ఎవరితోనో మాట్లాడుతూనే వేసుకున్నారు. వాడు పడుకున్నాడు. అదే పరేడ్, అదే స్పీకర్లు, మా ముందు నుంచే వెళ్ళింది. వాడు కదల్లేదు. "కూర్చోండి మామయ్యా, కాళ్ళు నొప్పులు పుడతాయి," అంటే, "కూర్చుంటే లేస్తాడమ్మా," అని నిలబడే ఉన్నారు, గంట పైనే. అత్తయ్యగారు మధ్యలో ఒకసారి మార్చుకుంటానన్నారు, ఇవ్వలేదు. పెద్దదేమో మొదటిసారి పరేడ్ మొత్తం చూసింది, ఎవరూ తొందరపెట్టకుండా.

సంతోషించాలి కదా. నేను వాచీ చూసుకుంటున్నాను. భుజం మీద నిద్ర సరైన నిద్ర కాదు, ఇంటికెళ్ళాక చూడాలి, అనుకుంటూ. ఇంటికెళ్ళాక ఏమీ కాలేదు. ఆడుకున్నాడు, తిన్నాడు, ఎనిమిదికి పడుకున్నాడు. "ఒక్కరోజు కాబట్టి," అన్నాను మా ఆయనతో. ఆయన ఏమీ అనలేదు, అనకపోవడమే ఎక్కువ చిరాకు తెప్పించింది.

ఇక నా నియమం ఎంత గట్టిదో కూడా చెప్పాలి. తెలుగు అసోసియేషన్ ప్రోగ్రాం ఉంటే అదే పిల్లాడు రాత్రి పదకొండుదాకా మేలుకునే ఉంటాడు. అక్కడ ఆరింటికి అన్న ప్రోగ్రాం ఏడున్నరకి మొదలవుతుంది, చిన్నపిల్లల డాన్సులు తొమ్మిది దాటాక, పెద్దది స్టేజీ ఎక్కేది ఎప్పుడో ఎవరికీ తెలియదు. అప్పుడు నాకు నిద్ర ఒత్తిడి గుర్తురాదు, 2016 గుర్తురాదు. వాడు హాలు వెనక తోటి పిల్లలతో కుర్చీల కింద పాకుతుంటే "ఒక్క రాత్రికి ఏమవుతుందిలే" అంటాను. ఇండియా వెళ్తే అసలు మాట్లాడక్కర్లేదు. మొదటి వారం జెట్‌లాగ్ అని, రెండో వారం చుట్టాలని, మూడో వారానికి నేనే మర్చిపోతాను. వాడు ఎవరి ఒళ్ళో పడితే వాళ్ళ ఒళ్ళో, టీవీ మోగుతుంటే, ఎవరో గట్టిగా నవ్వుతుంటే, మధ్యాహ్నం రెండుకో నాలుగుకో నిద్రపోతాడు. తిరిగొచ్చిన మూడో రోజుకి మళ్ళీ నేను కర్టెన్లు మూసి, గదిలో నిద్రపట్టేందుకు వైట్ నాయిస్ హోరు పెట్టి, అందరినీ మునివేళ్ళ మీద నడిపిస్తాను.

ఒకప్పుడు దీన్ని ఇక్కడి పద్ధతి, అక్కడి పద్ధతి అని విడదీసి చెప్పుకునేదాన్ని. ఇక్కడ క్రమశిక్షణ, అక్కడ గారాబం. లేదా మూడ్‌ని బట్టి తిరగేసి, ఇక్కడ గడియారం, అక్కడ ప్రేమ. ఇప్పుడు రెండూ నాకు నమ్మబుద్ధి కావడం లేదు. నిద్రమత్తులో ఏడ్చే పిల్లాడిని అక్కడ చేతులు మారుస్తూ ఎత్తుకోవడానికి మనుషులున్నారు, కాబట్టి వాడు ఎప్పుడు పడుకున్నా నడుస్తుంది. ఐదింటికి గోల చేస్తే బయటికి తీసుకెళ్ళేవాళ్ళుంటారు. ఇక్కడ ఆ ఐదింటికి నేనూ మా ఆయనా, ఇద్దరిలో ఒకరు ఫోన్ కాల్‌లో. ఆ గంట తట్టుకోలేకే పొద్దున్నంతా కట్టుదిట్టం. ఇద్దరమే ఉన్నప్పుడు గడియారాన్ని ఇంట్లో పెద్ద దిక్కు చేసుకోక తప్పలేదు. ఇది సంస్కృతి సంగతి కాదు, చేతుల లెక్క అని ఇప్పుడు అనుకుంటున్నాను. మళ్ళీ పక్కింటావిడని చూస్తే, ఆవిడా భర్తా ఇద్దరే, ఇద్దరు పిల్లలు, ఏ టైముకీ ఏ లెక్కా లేదు, వాళ్ళ పిల్లలు కారులో పడుకుంటారు, వరండాలో పడుకుంటారు, ఆవిడ నాకన్నా బాగా నవ్వుతుంది. కాబట్టి ఆ సిద్ధాంతం కూడా నిలబడదు.

ఇంకొకటి ఉంది, ఇది మా ఆయనకి కూడా ఇంత వివరంగా చెప్పలేదు. పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా వాడు పడుకున్న రెండు గంటలూ నావి. శనివారం ఆ రెండు గంటల్లో నేనేం చేస్తానంటే ఏమీ చేయను. సోఫాలో కూర్చుంటాను, ఫోన్ చూస్తాను, ఒక్కోసారి నేనూ పడుకుంటాను. పెద్దదానికి ట్యాబ్ ఇచ్చేస్తాను, మామూలు రోజుల్లో స్క్రీన్ టైం గురించి ఉపన్యాసాలు దంచే నోటితోనే "తమ్ముడు లేచేదాకా చూసుకో" అంటాను. పార్కులో భుజం మీద పడుకున్న పిల్లాడు ఆ రెండు గంటలు నాకు ఇవ్వడు. వాడి ఆరోగ్యం కోసం అని నేను చెప్పేదాంట్లో ఎంత వాడిది, ఎంత నాది అని అడిగితే చెప్పలేను. సగం సగం అనుకుందాం. ఫ్లోరిడా వేసవి మిగతాది సర్దిపెడుతుంది, మధ్యాహ్నం అయ్యేసరికి ఉరుములు, వాన, మెరుపులుంటే బయటి రైడ్లు ఆపేస్తారు, అప్పటికి మేం ఇంట్లో ఉంటాం, కిటికీలోంచి చూసి "చూశారా, ఎంత మంచి టైముకి వచ్చేశామో" అని వాన పడిన ప్రతిసారీ అంటాను. వాన పడని రోజు ఏమీ అనను.

పెద్దదాని విషయంలో మాత్రం సర్దిచెప్పుకోలేకపోతున్నాను. ఎందుకంటే అది చిన్నప్పుడు మాకు ఏ షెడ్యూలూ లేదు. ఒక్కతే పిల్ల, పాస్ కొత్తది, మేమూ ఈ దేశానికి కొంచెం కొత్త, రాత్రి ఫైర్‌వర్క్స్ దాకా ఉండేవాళ్ళం. ఎక్కడ పడితే అక్కడ పడుకునేది, కోట ముందు వాళ్ళ నాన్న భుజం మీద నోరు తెరిచి నిద్రపోతున్న ఫొటో ఇంట్లో గోడ మీద ఉంది. దానికి ఆ రాత్రులేవీ గుర్తులేవు, ఫొటోలో మాత్రం కనిపిస్తాయి. "నేను చిన్నప్పుడు నైట్ దాకా ఉండేవాళ్ళం, ఇప్పుడు నేను పెద్ద అయ్యాను, ఇప్పుడెందుకు ఉండం?" అని అడుగుతుంది. గుర్తుండని వయసులో అంతా చూపించి, గుర్తుండే వయసు వచ్చేసరికి పదిన్నరకి ఇంటికి లాక్కొస్తున్నాం. చిన్నోడికి ఇప్పుడు చేసేది కూడా వాడికి గుర్తుండదు, అంటే ప్రస్తుతం ఆ పార్కులో గుర్తుపెట్టుకునే పిల్ల ఒక్కతే, ఆమెకి గుర్తుండేది ఫెర్రీ వెనక్కి వెళ్ళడం.

విడిపోయి చూద్దాం అన్నాడు మా ఆయన. చాలామంది చేసేదే, ఒకరు చిన్నపిల్లాడితో ఇంటికి, ఇంకొకరు పెద్దపిల్లతో పార్కులో. పాస్‌తో ఆ రోజే మళ్ళీ లోపలికి వెళ్ళొచ్చు కూడా, కాబట్టి నేను వాడిని పడుకోబెట్టి సాయంత్రం మళ్ళీ వాళ్ళని కలవొచ్చని కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. రెండు కార్లు వేసుకుని వెళ్ళాం. పదిన్నరకి నేనూ చిన్నోడూ బయల్దేరాం. స్ట్రోలర్‌లోంచి వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. ఫెర్రీలో "అక్క?" అన్నాడు. కారులో "అక్క ఏది?" అన్నాడు. కాపలా కాసే అక్క లేకపోయినా దారి పొడుగునా నిద్రపోలేదు, ఇల్లు చేరాక నేను సంబరంగా పన్నెండున్నరకి మంచం మీద వేశాను. లేచి నిలబడ్డాడు. "అక్క వచ్చాక," అన్నాడు. కర్టెన్లు మూశాను, వైట్ నాయిస్ పెట్టాను, పక్కన పడుకున్నాను. "నో. అక్క వచ్చాక." నిద్రపోనని ఏడవలేదు కూడా, మంచం మీద కూర్చుని తలుపు వైపు చూస్తున్నాడు. అవతల మా ఆయన ఫొటోలు పంపుతున్నాడు, పెద్దది రెండు చేతులూ పైకెత్తి మైన్ ట్రైన్‌లో, పెద్దది పరేడ్ ముందు. రెండు దాకా కూర్చోబెట్టి, ఇక లాభం లేదని మంచం దింపేశాను. సాయంత్రం మళ్ళీ వెళ్ళే ఓపిక ఎవరికీ లేకపోయింది. వాళ్ళు రాత్రి ఫైర్‌వర్క్స్ చూసి వచ్చేసరికి వీడు హాల్లోనే నేల మీద నిద్రపోయి ఉన్నాడు, దీపాలన్నీ వెలుగుతుంటే, టీవీ మోగుతుంటే.

అప్పటి నుంచి మళ్ళీ అందరం కలిసే వెళ్తున్నాం, కలిసే వచ్చేస్తున్నాం. ఎవరికైనా సలహా చెప్పాలంటే ఇప్పుడేం చెప్పాలో తెలియడం లేదు. అడ్వెంచర్‌ల్యాండ్ నుంచి మొదలుపెట్టండి అని మాత్రం ధైర్యంగా చెప్పగలను.

పోయిన వారం కారులో మా ఆయన కొత్త లెక్క తీశాడు. వీడికి ఈ డిసెంబర్‌కి 3 నిండుతాయి, ఆ రోజు నుంచి వీడికీ పాస్ కొనాలి. "డబ్బు కట్టి తీసుకెళ్ళిన పిల్లాడిని కూడా పదిన్నరకే వెనక్కి తెచ్చేస్తావా?" అన్నాడు. మూడు నుంచి ఐదేళ్ళ మధ్య చాలామంది పిల్లలు పగటి నిద్ర మానేస్తారని నాకూ తెలుసు, నేనే ఆయనకి చదివి వినిపించాను ఒకప్పుడు, ఇప్పుడు ఆయన దాన్నే నా మీదికి తిప్పుతున్నాడు. "నిద్ర మానేస్తే ఇంక ఇంటికి రావడానికి నీకు కారణమేముంది?"

"ఎండలు," అన్నాను.

"డిసెంబర్‌లోనా?" అంది పెద్దది వెనక సీట్లోంచి.

"వానలు పడతాయి కదా," అన్నాను.

"డిసెంబర్‌లోనా?" అంది మళ్ళీ.